ముత్యమ్మ గోడ

నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడి నిద్ర చెడగొడితే ఎంత పాపమో లక్డారంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాపం, రమ్యశ్రీకి తెలియదు. అందుకే ఆ రోజు పొద్దున సరిగ్గా మల్లేష్ వాళ్ల గేటు ముందే నిలబడి, ఖాళీ పెయింటు డబ్బాను కర్రతో టంగుటంగుమని వాయించింది.

"బొమ్మలు నేర్పిస్తాం! చదువుకునేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, వయసులో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు అందరూ రావచ్చు! ఫీజు లేదు!"

లోపల మల్లేష్ దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు. దిండు తీసి చెవి మీద పెట్టుకున్నాడు. లాభం లేకపోయింది. లుంగీ ఎగ్గట్టి, రేగిన జుట్టుతో, ఒంటికాలి మీద లేస్తూ గేటు దాకా వచ్చాడు.

"ఏం లొల్లి ఇది, పొద్దుగాల పొద్దుగాల?"

"పొద్దుగాల ఏంటండీ! ఎండ నడినెత్తికి వస్తోంది. ఇంకా పడుకున్నవాళ్లను లేపడానికే ఈ డబ్బా."

"రాత్రంతా మిషిన్ నడిపి గిప్పుడే పండుకున్న. మీరు జెర పక్క గల్లీల కొట్టుకోరాదుండ్రి."

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో, సారీ అండీ!" అని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది. "పోనీ, మీరు ఎప్పుడు ఖాళీగా ఉంటారు? బొమ్మలు వస్తాయా మీకు?"

కోపంగా ఉన్న మనిషిని ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా? మల్లేష్ గేటు వేసేసి లోపలికి వెళ్లాడు. కానీ మళ్లీ నిద్ర పట్టలేదు. దానికి కారణం డబ్బా చప్పుడే అని చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు.

రమ్యశ్రీ వాళ్ల నాన్న కామరాజు తణుకు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ టౌన్‌షిప్ క్వార్టర్లలోనే. ఫైన్ ఆర్ట్స్ చదివింది. దేశసేవ కింద ఒక ఏడాది పల్లెల్లో పనిచేసే యువ వాలంటీర్లను ప్రభుత్వం తీసుకుంటోందని తెలిసి చేరింది. సంగారెడ్డి ఆఫీసు వాళ్లు లక్డారానికి వేశారు. ఊళ్లో ఒక గదిలో కేంద్రం నడిపి యువతకు బొమ్మలు, నాటకాలు, గోడల మీద చిత్రాలు నేర్పాలి. పని నచ్చితే రెండో ఏడాది కూడా ఉంచుతారు, నచ్చకపోతే కేంద్రం మూసేస్తారు. ఆమె బతుకంతా ఆ రెండో ఏడాది మీదే ఉన్నట్టు తిరిగేది.

తిరిగినా, మొదట్లో క్లాసులు నడవలేదు. ఒక సాయంత్రం గది నిండేది, ఇంకో సాయంత్రం ఈగలు తోలుకోవలసి వచ్చేది. కాగితాలూ కుంచెలూ సర్దుకుని కూర్చున్న ఆమెను, మార్నింగ్ షిఫ్టు దిగి వస్తున్న మల్లేష్ కిటికీలోంచి చూశాడు.

"ఎవరూ రాలేదేంటండీ ఇవాళ? నేను చెప్పేది బాగోలేదా?"

"చెప్పుడు మంచిగనే ఉంటది. ఈ వారం సగం మంది సెకండ్ షిఫ్టుల ఉన్నరు. సాయంత్రం క్లాసంటే మిషిన్ ఇడిసిపెట్టి ఎట్లొస్తరు?"

మల్లేష్ పటాన్‌చెరులో ట్రాక్టర్ విడిభాగాల కంపెనీలో ఆపరేటర్. ఊళ్లో కుర్రాళ్లంతా దాదాపు అలాంటివాళ్లే. వారానికొకసారి డ్యూటీ మారుతుంది. తింటే ఎప్పుడు తింటారో, పడుకుంటే ఎప్పుడు పడుకుంటారో కంపెనీ బస్సే చెప్పాలి.

"మరేం చేయాలి?"

"ఒక్కటే పాఠం రెండుసార్లు చెప్పుండ్రి. పొద్దుగాల బస్సెక్కే ముందట ఒకటి, మాపటికి ఒకటి. ఎవ్వలకు ఏది కుదిరితే దానికొస్తరు."

ఆమె అలాగే చేసింది. గది నిండింది. ఇంటర్ అమ్మాయిలు, కంపెనీ కుర్రాళ్లు, ఊళ్లో కిరాయికుండే ఒడిశా అబ్బాయిలు కూడా వచ్చారు. మల్లేష్ కూడా వచ్చాడు. గేదెను వేస్తే కుక్కలా వచ్చింది. రమ్యశ్రీ పడీపడీ నవ్వింది. తనను చూసి ఎవరైనా నవ్వితే ఊరుకోని మల్లేష్, మర్నాడు మళ్లీ గేదెనే వేసి తీసుకెళ్లాడు.

ఇద్దరూ కలిసేది కూడా షిఫ్టుల ప్రకారమే. ఒక వారం రోజూ కనబడేవారు. ఇంకో వారం బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపడంతో సరి. నైట్ డ్యూటీ వారం మల్లేష్ పొద్దున బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా క్లాసుకు వచ్చి, వెనక వరుసలో కూర్చుని తూగేవాడు.

"ఇంటికెళ్లి పడుకోండి. బొమ్మలు ఎక్కడికీ పోవు."

"మీరు పోతరు గద," అనబోయి, "గేదె తోక సరిగ్గ రాలే" అన్నాడు మల్లేష్.

ఊరి మధ్యలో పెద్ద చిత్రం ఒకటి వేద్దామని రమ్యశ్రీ అన్నప్పుడు, మంచి గోడ దొరకలేదు. మల్లేష్ గుండె మీద చెయ్యి వేసుకుని, "మా గోడ ఉంది గద, రోడ్డు మీదికే ఉంటది" అన్నాడు. తండ్రి కొమురయ్యను అడిగాడు. కొమురయ్య మీసం దువ్వి, "ఏసుకోండ్రి, నాదే గద గోడ" అన్నాడు. పని మొదలైంది.

కుర్రాళ్లంతా షిఫ్టుల వారీగా వచ్చి వేశారు. వరి నాట్లు వేసే ఆడవాళ్లు, పక్కనే కంపెనీ బస్సు, సైకిల్ మీద కాలేజీకి పోయే పిల్ల, కంకర లారీ, దాని వెనక ఎర్రగా పొద్దు. ఆ దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ చూశారు.

చిత్రం పూర్తయిన రోజు తొలకరి చినుకులు పడ్డాయి. రంగులు తడవకుండా పట్టా కప్పడానికి ఇద్దరూ చెరో కొస పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె చెంప మీద పసుపు రంగు చుక్క ఉంది. చెప్పాలా వద్దా అని మల్లేష్ ఆలోచిస్తుండగానే వాన దాన్ని కడిగేసింది.

"మల్లేష్ గారూ, బెంగళూరులో ఒక గేమ్స్ కంపెనీ నన్ను రమ్మంటోంది. బొమ్మలు వేసే ఉద్యోగమే. రెండో ఏడాది ఇవ్వకపోతే వెళ్లక తప్పదు." అతని వైపు తిరిగి అడిగింది. "మీరేమంటారు?"

ఉండిపొమ్మని అనబోయి ఆగాడు. అంత చదివిన పిల్ల, కంపెనీ ఆపరేటర్ మాట విని బంగారం లాంటి ఉద్యోగం ఎందుకు వదులుకోవాలి అనుకున్నాడు. పెద్దమనిషి తరహాలో, "మంచి జాబ్ గద, పోండ్రి" అన్నాడు.

ఆమె పట్టా కొస వదిలేసి, తడుస్తూనే వెళ్లిపోయింది. మల్లేష్ తనను తాను తిట్టుకోని తిట్టు లేదు.

రెండో ఏడాది సంగతి తేల్చడానికి సంగారెడ్డి ఆఫీసు నుంచి అధికారి అరుణ మేడం తనిఖీకి వస్తోందని కబురు వచ్చింది. రేపు వస్తుందనగా, మల్లేష్ నైట్ డ్యూటీ దిగి బస్సు దిగాడు. దూరం నుంచే ఇంటి గోడ చూసి నిద్ర మత్తు దిగిపోయింది.

గోడ తెల్లగా మెరిసిపోతోంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా సున్నం. బస్సు లేదు, లారీ లేదు, సైకిల్ పిల్ల లేదు. తల్లి ముత్యమ్మ చీర చెంగు నడుముకు చుట్టి, చేతినిండా సున్నంతో, చేసిన పని చూసుకుని మురిసిపోతోంది.

"అమ్మా! ఏం జేసినవే!"

"కండ్లు కనబడ్తలెవ్వా? సున్నం ఏసిన. పోచమ్మ బోనాలు ఒస్తున్నయ్ గద."

"మరి బొమ్మలు?"

"అవ్వా? సున్నం ఏసేదాంక ఉంటే ఉండనీ అనుకున్న. దినాం ముగ్గు ఏస్తలెమా, తెల్లారి ఊడుస్తలెమా?"

"నాయనను అడిగే ఏసినం గదనే!"

ముత్యమ్మ చేతిలో కుంచె బకెట్లో పడేసింది. "నీ నాయన ఈ గోడకు ఎన్నడన్న సున్నం ఏసిండా? పగుల్తే మట్టి మెత్తిండా? నేను ఈ ఇంటికొచ్చిన కాడికెల్లి ఏస్తున్న. బోనం మన గోడ ముందుకెల్లే పోతది. నన్నెవ్వలన్న అడిగిండ్రా?"

నిజమే, ఎవరూ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. గుమ్మంలో కొమురయ్య మీసం దువ్వడం ఆపి లోపలికి జారుకున్నాడు.

కబురు విని రమ్యశ్రీ పరుగున వచ్చింది. గోడ చూసింది. ఏడవలేదు, అరవలేదు.

"నన్ను బెంగళూరు పంపించడానికి మీకు ఇంత తొందరగా ఉందా?" అంది మల్లేష్‌తో.

"నేను కాదు... మా అమ్మకు..."

"మీ అమ్మగారికి ఇష్టం లేదని ముందే చెప్పొచ్చుగా?"

"ఇష్టం లేక కాదు. అడగలే."

"అడగలేదా? ఎవరూనా?" ఆమె తడి సున్నాన్ని వేలితో తాకి చూసింది. "నేనూ అడగలేదు," అని మెల్లగా అని, వచ్చిన దారినే వెళ్లింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ ముత్యమ్మ అడిగింది. "ఆ పిల్ల ఏడ్సిందారా?"

"లేదు."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"కారం ఎక్కువైంది."

"పెరుగన్నంలనా?" అంటూ ముత్యమ్మ పెరుగు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు అరుణ మేడం జీపు దిగింది. కళ్లజోడు సవరించుకుని గోడ వంక చూసింది. గోడ ఎదుట కుర్రాళ్లు, అమ్మాయిలు తలలు వంచుకుని నిలబడ్డారు. మల్లేష్ పక్కన అతని దోస్తు వెంకటేశం. గేటు దగ్గర ముత్యమ్మ, ఆమె వెనక దాక్కున్నట్టు కొమురయ్య.

"చిత్రం ఎక్కడమ్మా?"

"ఇక్కడే ఉండేది మేడం," అంది రమ్యశ్రీ. "అడగాల్సిన మనిషిని అడక్కుండా వేశాం. అందుకే పోయింది. తప్పు ఊరిది కాదు, నాది."

ఫోనులో ఫొటోలు చూపించింది. అరుణ మేడం అన్నీ చూసి, తల ఊపింది. "పిల్లలు బాగా వేశారు. కానీ ఊరు ఒప్పుకోని చోట నేను రెండో ఏడాది రాయలేను. ఇప్పుడైనా అడుగు. ఆవిడ ఒప్పుకుంటే రాస్తాను."

మల్లేష్ గేటు వైపు చూశాడు. తల్లి కాదంటే ఈ అమ్మాయి వచ్చే వారం బెంగళూరు రైలెక్కుతుంది. అంతే సంగతి.

రమ్యశ్రీ ముత్యమ్మ ముందుకెళ్లి చేతులు జోడించింది. "ఆంటీ..."

"ఆంటీ గీంటీ నాకు సమజ్ కాదు బిడ్డా. ఇంటికొచ్చి గోడ అడుగుతున్నవ్. మంచిగ వరుస పెట్టి అడుగు."

రమ్యశ్రీ అటూ ఇటూ చూసింది. "ఏమని పిలవాలి?"

వెంకటేశం సాయం చేద్దామనుకున్నాడు. "పెద్దమ్మా అనుండ్రి మేడం, మేమందరం గట్లనే అంటం."

"పెద్దమ్మ వద్దు!"

అరిచింది మల్లేష్. అరిచాక గాని తెలియలేదు, అరిచానని. అందరూ తిరిగి చూశారు. అమ్మాయిలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఎందుకురా వద్దు?" అంది ముత్యమ్మ.

"పెద్దమ్మంటే... నేను ఆమెకు అన్ననైత గద."

"అయితే? ఇంత మంచి చెల్లె దొరికితే చేదా?"

"నాకు చెల్లె వద్దు."

"మరేం గావాలె? నోరిప్పి చెప్పు. నిన్నటిసంది అన్నం సరిగ్గ తింటలెవ్వు."

ఇక దాచి లాభం లేదు. మల్లేష్ తల్లి వైపు కాకుండా రమ్యశ్రీ వైపు తిరిగాడు.

"మొన్న బెంగళూరు పోండ్రి అన్న. అబద్ధం చెప్పిన. మీరు పోతె నాకు ఊరే మంచిగనిపించది. మీరంటే నాకు ఇష్టం. మీకు ఇష్టం లేకపోతె ఇగ నేను మాట్లాడ. అమ్మా, నువ్వు గోడ మాత్రం ఇయ్యి. అది వేరే ముచ్చట."

అరుణ మేడం పెన్ను చేత్తో పట్టుకుని, "ఇదంతా రిపోర్టులో రాయాలా?" అని అడిగింది.

రమ్యశ్రీ ముఖం ఎర్రబడింది. "అప్పుడే చెప్పొచ్చుగా! వానలో నిలబెట్టి అడిగితే, పో అంటారా ఎవరైనా?"

"తప్పయింది."

"నిజంగానే వెళ్లిపోదామనుకున్నాను, తెలుసా?"

"తెలుసు. అందుకే నిద్ర పడ్తలేదు."

ఆమె నవ్వు ఆపుకుంటూ అతని మీంచి చూపు తిప్పింది. చున్నీ సరిచేసుకుంది. మళ్లీ ముత్యమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. ఊరంతా చెవులు రిక్కించింది.

"అత్తమ్మా," అంది. "మీ గోడ మీద మేము బొమ్మ వేసుకోవచ్చా?"

మల్లేష్ ఆనందం పట్టలేక పక్కనున్న వెంకటేశం భుజం గట్టిగా నొక్కాడు. వెంకటేశం కెవ్వుమన్నాడు.

ముత్యమ్మ మాత్రం తొందరపడలేదు. గోడను ఒకసారి, పిల్లను ఒకసారి నిదానంగా చూసింది.

"బోనాలు అయ్యేదాంక గోడ తెల్లగనే ఉంటది. అయినంక ఏసుకో బిడ్డా. బస్సు జెర చిన్నగ ఏసి, నాట్లేసేటోళ్లను పెద్దగ ఎయ్యి," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "వీళ్ల ఇల్లు యాడరా? రేపు డ్యూటీ దిగినంక నన్ను బండి మీద తోల్కపో. వాళ్లమ్మకు బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదినీ బోనాలకు రమ్మని నేనే పిలవాలె. ఈసారి అడగాల్సినోళ్లను ముందుగాల అడుగుదాం."