కుడి ముగింపు

చెంచా పెట్టాలా వద్దా అన్న తగువు కంచాల్లో వడ్డించేసరికే ముదిరిపోయింది. స్రవంతేమో తండ్రి కంచానికి ఎడమపక్క చెంచా పెట్టడం, హైమవతి దాన్ని తీసి గూట్లో పడేయడం, ఆ పిల్ల మళ్లీ తెచ్చి పెట్టడం. రాఘవులు పెళ్లాం వంకా కూతురు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుడిచెయ్యి చేదోడు తొడుగులోనే ఉంటోంది. స్వస్థాలయం నుంచి ఇంటికి వచ్చాక కూడా స్నానానికి తప్ప అది ఊడదు.

"నాన్న ఎడమచేత్తో గుండీలు పెట్టుకుంటున్నారు, సంతకం చేస్తున్నారు. అన్నం దగ్గరే నీకెందుకమ్మా ఇంత పట్టుదల?" అంది స్రవంతి.

హైమవతి చెంచాని మళ్లీ గూట్లో పడేసింది. గుమ్మం మీద ఇంటినీ రోగినీ కనిపెట్టి ఉండే యంత్రం గృహపాలి ఆకుపచ్చగా వెలుగుతూ ఆమె సమ్మతి కోసం కాచుకుని ఉంది. పొద్దున్నే దాని తీర్మానం వచ్చింది: కుడి ముగింపు. ఆ చేతికి సాధన చేయించినా ఇక రాబడి లేదట. సాయంత్రం నుంచి తొడుగు దాన్ని గుండెకు అదిమి బిగించేస్తుంది. సాధనంతా ఇక ఎడమచేతికే. అత్తగారూ కూతురూ సరేనని గొంతు ఇచ్చేశారు. ఇంటిల్లిపాదీ ఒప్పుకోకపోతే ఆయన్ని ఇంట్లో ఉంచుకునే అనుమతి రద్దవుతుంది, తీసుకుపోవడానికి స్వస్థాలయం బండి వస్తుంది. రోగి గొంతు లెక్కలోకి రాదు.

"నీ పంతం కోసం నా కొడుకుని మళ్లీ ఆ అద్దాల మేడకి తోలేస్తావా?" అంది అత్తగారు మహాలక్ష్మమ్మ.

ఆవిడ కోపంలో భయమే ఎక్కువుందని హైమవతికి తెలుసు. ఆ భయం తనకీ ఉంది. మేడలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని అద్దం ఇవతల నిలబడే చూసింది.

కాని నిన్న స్నానమయ్యాక, ఉతికిన తొడుగు ఆరేలోపే ఆయన ఆకలన్నాడు. ముద్దపప్పు వేసిన కంచం ముందు పెట్టి నెయ్యి వడ్డించింది. ఆ వాసనకో ఏమో, కుడి బొటనవేలు కదిలింది. వేళ్లు అన్నాన్ని దగ్గరికి లాగబోయాయి. గుమ్మం మీంచి చూసిన గృహపాలి దాన్ని వణుకు అని నమోదు చేసింది. దానికి కలం పట్టు తెలుసు, గుండీ పట్టు తెలుసు, చెంచా పట్టు తెలుసు. అన్నం కలపడమనేది ఒకటుందని దానికెవరూ చెప్పలేదు.

హైమవతి తొడుగు పట్టీలు విప్పేసింది. గృహపాలి ఎర్రబడి హెచ్చరించింది. ఆమె వినిపించుకోకుండా దండెం మీది తువ్వాలు తీసుకుని భర్త ఎదురుగా కూర్చుంది. మంచి చెయ్యి కట్టేస్తే, పడిపోయిన చెయ్యి పనిలోకి దిగక తప్పదని ఆమె ఆలోచన. అయినా ఆయన్ని అడక్కుండా ఆ పని చేస్తే తనకీ ఆ గుమ్మం మీది దానికీ తేడా ఏముంది?

"ఏవండీ, ఎడమచెయ్యి కట్టేస్తాను. అన్నం ఒళ్లో పడొచ్చు. సాయంత్రానికి బండీ రావచ్చు. వద్దంటే మానేస్తాను."

రాఘవులు చాలాసేపు పెదవులు కూడదీసుకున్నాడు. తరవాత ఎడమచెయ్యి తనే చాపాడు.

"కట్టు."

కట్టింది. కుడిచెయ్యి తీసి పప్పన్నం మీద ఆనించి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేళ్లు కాసేపు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ఆ తరవాత బొటనవేలు మెల్లగా మెతుకుల్లోకి దిగింది. కలిసిందో లేదో తెలియని ముద్ద ఒకటి తయారై, సగం పంచె మీద రాలింది. స్రవంతి తుడవబోతే హైమవతి కళ్లతోనే ఆపింది. చెయ్యి సగందాకా లేచింది. మిగతా సగం ఆయన తలే వంగింది.

నమిలి, మింగి, "ఉప్పు... లేదు" అన్నాడు.

గృహపాలి చెప్పిన తూకానికే వేసే ఉప్పు మీద ఆయన చేసిన మొదటి ఫిర్యాదు అది. మహాలక్ష్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

గృహపాలి మళ్లీ సమ్మతి అడిగింది. హైమవతి గొంతు పెంచలేదు. మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకుంటూ, అందరికీ వినపడేలా చెప్పింది.

"నేను ఒప్పుకోవడం లేదు. ఈ చెయ్యి ముయ్యం. ఇకనించి పూటపూటా భోజనానికి తొడుగు ఊడదీస్తాను. బండి వస్తే రానివ్వండి. అన్నాల వేళకి వస్తే వాళ్లకీ కంచం పెడదాం. చెంచా మాత్రం ఎవరూ వెయ్యకండి."