పసుపు గుర్తున్న వాల్వ్

ఉదయం 7:42.

కృష్ణపట్నం పోర్టు రోడ్డులో మూడు దారులు కలిసే చోట ఇడ్లీబండి బోర్లా పడి ఉంది. దాని కింద ఇడ్లీలమ్మే గురవమ్మ శవం. నాలుగడుగుల అవతల ఒక ఎర్ర కారు ఆగి ఉంది.

మధ్యాహ్నం 2:15కి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఫ్లోరా పోలీస్ స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి కేసు తేలిపోయిందన్నాడు ఎస్సై పద్మనాభయ్య.

"మెకానిక్ హెబ్రోనును లోపలేసినాం మేడమ్. బ్రేకు చెడగొట్టినాడు. మీరు రిపోర్టు మీద సంతకం పెడితే అయిపోతాది."

"కారు చూడకుండానా?"

"చూడండి, చూడండి. ఎవరొద్దన్నారు?"

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఫ్లోరాకు రెండు రకాల మనుషులంటే గిట్టదు. కారు చూడకుండా రిపోర్టు అడిగేవాళ్ళు. ఊరందరికీ వినిపించడానికి కారు కొనేవాళ్ళు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని కూల్‌డ్రింకు తాగుతున్నారు.

రెండోవాడి పేరు గిరిబాబు. పన్నెండు రొయ్యల గుంటల ఆసామి. ఎర్ర కారు అతనిదే. మామూలు టర్బో కారు కొని, వెనక విమానానికి ఉన్నట్టు ఒక రెక్క బిగించి, డోర్ల మీద మంటల బొమ్మలు అంటించాడు. నిమిషానికోసారి ఫోన్‌లో తన జుట్టు చూసుకుంటున్నాడు. పొద్దున ఒక మనిషిని చంపిన ముఖం కాదది. ఫ్లోరాకు ఒళ్ళు మండింది.

"ఏం జరిగింది?"

"జంక్షన్ దగ్గర స్లో చేసినా మేడమ్. బ్రేకు రాయి మాదిరి బిగుసుకుపోయింది. నిన్ననే హెబ్రోను ప్యాడ్లు మార్చినాడు. వాడి పనే."

"ఇంజన్ ఎప్పుడు ఆగింది?"

"గుద్దినాక."

"ముందు కాదా?"

"కాదు. అస్సలు కాదు."

ఒక్క 'కాదు' చాలేది. ఫ్లోరా కారు తాళాలు తీసుకుంది.

గేటు దగ్గర హెబ్రోను భార్య ప్రేమలీల టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఆ క్యారియర్‌ను లోపలికి పోనివ్వలేదు.

"మేడమ్, నువ్వు రాసేదాన్నిబట్టి ఉంటాదంట ఆయన బయటికొచ్చేదీ లేందీ. షెడ్డుకి సీలేసినారు. మాకు ఆ షెడ్డు తప్ప ఇంకేం లేదు మేడమ్."

"ఉన్నదే రాస్తాను. ముందు ఆ అన్నం లోపలికి పంపు. ఎవరైనా అడ్డమొస్తే నా పేరు చెప్పు."

3:05కి పరీక్ష మొదలుపెట్టింది. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. ప్యాడ్లు కొత్తవి, ఆయిల్ నిండుగా ఉంది, పైపుల మీద గీత కూడా లేదు. తర్వాత ఇంజన్ ఆపి పెడల్ తొక్కింది. ఒకసారి మెత్తగా దిగింది. రెండోసారి సగమే దిగింది. మూడోసారి రాయి.

ఇంజన్ తిరగకపోతేనే బ్రేకు ఇలా బిగుసుకుంటుంది. అంటే గుద్దకముందే ఇంజన్ ఆగింది. గిరిబాబు అబద్ధమాడాడు.

మరి ఇంజన్ ఎందుకు ఆగింది? అదే జంక్షన్‌కు వెళ్ళి పద్దెనిమిదిసార్లు వేగంగా వచ్చి ఆపి చూసింది. పద్దెనిమిదిసార్లూ ఇంజన్ బుద్ధిగా తిరుగుతూనే ఉంది. పక్క సీట్లో పద్మనాభయ్య ఆవలించాడు.

"ఆగదు మేడమ్. కారులో ఏం లేదు."

రోడ్డు పక్కన టీ అంగడి పిచ్చమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఇదంతా చూస్తూ ఉంది. ఫ్లోరా అద్దం దించింది.

"ఈ కారు తెలుసా?"

"తెలీకేం? రోజూ ఇక్కడికొచ్చి ఆగిపోతాది. మళ్ళీ స్టార్టు చేసుకోని పోతాడు. ఆగేముందు బుస్సుమంటాది. ఆ సౌండుకి నా టీ గ్లాసులు కూడా ఎగిరిపడతాయి. గురవమ్మ నగతా ఉండె, వచ్చినాడమ్మా నాగుపాము అని." పిచ్చమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యాల ఏంది మేడమ్, మీరు తోల్తా ఉంటే ఒక్కసారన్నా బుస్సు లేదే?"

ఫ్లోరా ఇంజన్ ఆపి కిందికి దిగింది.

బానెట్ ఎత్తింది. సముద్రపు గాలికి బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. మధ్యలో అరచేతిలో పట్టేంత వాల్వ్ ఒక్కటే తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దాని క్లిప్పు తళతళ మెరుస్తోంది. వాల్వ్ మీద పసుపు పెయింటుతో 09-02 అని రాసి ఉంది.

"చూసినారా!" పద్మనాభయ్య ఆవలింత మానేశాడు. "హెబ్రోను షెడ్డులో ఇట్టాంటి పసుపు రాతలే ఉండాయి. వాడి చెయ్యి పడిందనేదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాల?"

ఫ్లోరా ఇంజన్ మీదికి వంగింది. స్పార్క్ ప్లగ్గులు విప్పించింది. నాలుగూ కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. పెట్రోలు వాసన గుప్పుమంది.

"గుద్దిన తర్వాత కారు ఎక్కడుంది?"

"ట్రాఫిక్‌కి అడ్డమని గిరిబాబు రొయ్యల మేత షెడ్డులో పెట్టించినాం. 10:10కి స్టేషన్‌కి తెచ్చినాం."

"కాపలా?"

ఎస్సై తల గోక్కున్నాడు.

"రెండు గంటలకు పైగా సాక్ష్యాన్ని గుద్దినవాడి షెడ్డులోనే దాచిపెట్టారు. మీ తెలివికి దండం పెట్టాలి."

సాయంత్రం 5:30. స్టేషన్ గదిలో బల్ల మీద వాల్వ్, ప్లగ్గులు. గిరిబాబు కుర్చీలో ఉన్నాడు. హెబ్రోనును లాకప్ నుంచి తెచ్చి గోడ పక్కన నిలబెట్టారు. ఫ్లోరా అతనికి కుర్చీ వేయించింది.

"హెబ్రోనూ, ఈ పసుపు గుర్తు దేనికి పెడతావు?"

"తీసిన సామానుకి మేడమ్. తీసిన తేదీ ఏసి, గోతంలో కట్టి ఓనరుకిచ్చేస్తాం. లేకుంటే పాత సామాను అమ్ముకున్నాడంటారు."

"కొత్తగా బిగించినదానికి?"

"దానికెందుకు? పెట్టను."

"అయితే ఫిబ్రవరి తొమ్మిదిన నువ్వు తీసేసిన వాల్వ్ ఇవాళ ఇంజన్ మీద ఎలా ఉంది?"

హెబ్రోను లేచి వచ్చి వాల్వ్‌ను చూశాడు. క్లిప్పు మీద గీతలు చూశాడు.

"కటింగ్ ప్లేయరుతో బిగించినారు మేడమ్. ఇది నా పని కాదు. దీన్ని నేను ఆయన చేతికే ఇచ్చినా."

గిరిబాబు ఫోన్ బోర్లా పెట్టాడు.

"టర్బో ఇంజన్‌లోకి గాలిని కుక్కుతుంది," అంది ఫ్లోరా అతనితో. "యాక్సిలరేటర్ వదిలితే ఆ గాలికి దారి కావాలి. కంపెనీ వాల్వ్ దాన్ని చప్పుడు లేకుండా మళ్ళీ లోపలికే పంపుతుంది. నువ్వు దాని బదులు పెట్టించుకున్నది బయటికి ఊదేస్తుంది. బుస్సుమంటుంది. కానీ ఆ గాలిని కారు కంప్యూటర్ అప్పటికే లెక్కేసుకుంది. పోయిందని తెలియక దానికీ పెట్రోలు పోస్తుంది. ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువై, జంక్షన్ దగ్గర క్లచ్ నొక్కగానే ఆగిపోతుంది. ఈ ప్లగ్గుల మసి ఆ పెట్రోలుదే. పొద్దునా అంతే. నువ్వు కంగారులో బ్రేకు తొక్కి వదిలి, తొక్కి వదిలి, దాని బలమంతా తినేశావు. ఎదురుగా గురవమ్మ."

"అంతా మీ ఊహ," అన్నాడు గిరిబాబు.

ఫ్లోరా తన ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. ఆ పొద్దున 6:50కి గిరిబాబు పెట్టిన రీల్ అది. పోర్టు రోడ్డు, ఎర్ర బానెట్, చివర్లో పెద్ద బుస్సు. కింద అతనే రాసుకున్నాడు: సౌండ్ పెంచి వినండి.

"విన్నాం. అప్పుడు బుస్సుమన్న కారు మధ్యాహ్నానికి మూగదెలా అయింది? పాత వాల్వ్ నీ గోతంలో తప్ప ఇంకెక్కడా లేదు. మార్చింది నువ్వే."

పద్మనాభయ్య ఇద్దరు కానిస్టేబుళ్ళను మేత షెడ్డుకు తరిమాడు. 6:40కి మేత బస్తాల వెనక నుంచి మెరిసే వాల్వ్ వచ్చింది.

"ఆగిపోతాదని నేను రెండుసార్లు చెప్పినా మేడమ్," అన్నాడు హెబ్రోను. "పాతది ఏసుకో అన్నా. సౌండు లేకపోతే ఈ కారెందుకు అన్నాడు."

ఫ్లోరా గిరిబాబు ముందు నిలబడింది.

"ముప్పై ఏళ్ళు వచ్చినా బూర ఊదుకునే సరదా తీరలేదు నీకు. దానికి ఒక మనిషి పోయింది. సిగ్గు లేకపోతే పోయె, నీ తప్పును కష్టపడి అన్నం తినే ఇంకో మనిషి మీదికి తోశావు. ఇలాంటివాణ్ణి చూడటానికే నాకు రోతగా ఉంది."

రిపోర్టులో బ్రేకులు బాగున్నాయని రాసి సంతకం పెట్టింది. గిరిబాబును లాకప్‌లోకి నడిపించారు.

వరండాలో ప్రేమలీల హెబ్రోను చెయ్యి పట్టుకుని ఏడ్చింది. హెబ్రోను రెండు చేతులూ జోడించి ఫ్లోరా దగ్గరికి వచ్చాడు.

"మీ రుణం తీర్చుకోలేను మేడమ్. నేను బిగించకపోతే ఇంకోడు బిగిస్తాడులే అని ఆ బుస్సుమనే వాల్వ్ బిగించినా."

"ఇంకోడు బిగించలేదు హెబ్రోనూ. నువ్వే బిగించావు."

ఫ్లోరా స్కూటర్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయింది. హెబ్రోను జోడించిన చేతులు కిందికి దించాడు. ఇంటికి పోదాం రమ్మని ప్రేమలీల లాగింది.

"నువ్వు పో," అన్నాడు హెబ్రోను. "నేను గురవమ్మోళ్ళ ఇంటికి పోయొస్తా."