తడిగుడ్డ అడిగిన ల్యాప్‌టాప్

దగ్గరికి జరగండి, అమ్మల్లారా, అయ్యల్లారా. వెనకున్నవాళ్ళూ ముందుకు రండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, నా కళ్ళతో చూసిందే.

నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు. ఒక ముసురు మధ్యాహ్నం ఒక పెద్దావిడ పాత ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డలా ఎత్తుకొచ్చింది.

"మా ఆయనది, నాయనా. ఆయన పోయి మూడు నెలలు. రోజూ చదివే ప్రార్థన ఇందులో రికార్డు చేసుకున్నాడు. చివర్లో నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. బతికున్నన్నాళ్ళూ 'ఏమేవ్' తప్ప ఎరగడు, మహానుభావుడు!" నవ్వబోయి ఆగింది. "ఇప్పుడు ఆ పిలుపు దాకా రానివ్వడం లేదు. ఇది వేడెక్కి కాలిపోతూ మధ్యలోనే ఆగిపోతోంది."

కరెంటు తీగ పీకి, బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టాను. విప్పి చూస్తే ఫ్యాన్‌లో నలుసంత దుమ్ము లేదు. అడుగు మూత మాత్రం మళ్ళీ బిగించాను. అరగంటైనా వేడి దిగదే! అదీ అరచేతులు ఆనించే చోట మాత్రమే. చెయ్యి వేశాను... యంత్రం వేడి కాదది. ఒంటి వేడి.

చెమట వాసన... మందుల వాసన...

"జ్వరమే కదూ?" గుసగుసగా అడిగింది. "ఆయన జ్వరంతో పడుకున్న వారమంతా తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను నాయనా. చివరి రాత్రి కునుకు పట్టేసింది. లేచేసరికి గుడ్డ ఎండిపోయింది... ఆయన చల్లబడిపోయాడు."

తన చేతిరుమాలు మీద సీసాలో నీళ్ళు పోసింది.

"వద్దమ్మా! తడి తగిలితే ఆ గొంతు కూడా పోతుంది!"

వినలేదు. గట్టిగా పిండి, ఆ వేడి చోట పరిచింది. మెల్లగా మీట నొక్కింది.

తెర వెలిగింది. ఆయన ప్రార్థన తడబడకుండా చివరిదాకా సాగింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఏమేవ్..." అంది గొంతు, పేరు పిలవాల్సిన చోట. "గుడ్డ మార్చింది చాల్లే. ఇక పడుకో."

ఆమె బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను రికార్డు తేదీ చూశాను. జ్వరానికి ఏడాది ముందుది.

రుమాలు తీశాను. ఎండి అట్టకట్టింది. అప్పుడు కనబడింది...

తీగ పెట్టనే లేదు, బ్యాటరీ ఇంకా బల్ల మీదే ఉంది.

నమ్మండి, మానండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. జ్వరంతో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు కునుకు ముంచుకొస్తే, ఇంకొకరిని లేపి తడిగుడ్డ వాళ్ళ చేతిలో పెట్టండి. ఈ మాట ఇంటికెళ్ళి మీవాళ్ళకీ చెప్పండి.