ఉప్పుబంకలో మునగచెట్టు

హంసలదీవి దగ్గర మడ అడవిలో పీతలు పట్టే పున్నారావు ఆ రోజు కూడా బుట్టతో పాటు మునగాకు తెచ్చాడు. ఆకు మీద గుప్పెడు మల్లెలు.

"ఎవరిచ్చారు మావా?" అంది పెళ్ళాం వీరదుర్గ.

"ఎవరిస్తారే? అడవిలో చెట్టుంది. కోసుకొచ్చా."

దుర్గ పూలు తల్లో పెట్టుకుంది. మాట మాత్రం నమ్మలేదు. ఆ అడవి ఆమె ఎరగనిదా? నీటి అంచున మడచెట్లు, కాస్త మెరకలో తిల్లచెట్లు, అంతా ఉప్పు బంకమట్టి. ఉప్పెనకి ఊళ్ళు కొట్టుకుపోయి ఇరవై ఏళ్ళయినా అక్కడ మరో చెట్టు బతికింది లేదు. అలాంటి చోట మునగచెట్టట! చెవిలో పువ్వులు పెట్టడమంటే ఇదే. అది ఎవరి పెరట్లోదో? పెరడున్నాక అందులో ఒక ఆడది ఉండదూ?

మర్నాడు పోటు తీసి నీళ్ళు తగ్గగానే, మబ్బు పట్టిన మధ్యాహ్నం, అతని వెనకాలే బయల్దేరింది. పాయ మొదట్లో చెట్టుకి అతని తువ్వాలు కట్టి ఉంది. తువ్వాలు కనబడితే రెండో మనిషి ఆ పాయలో దిగకూడదని జాలర్ల కట్టుబాటు. దుర్గను పెంచిన పెద్దమ్మ అచ్చమ్మ వందసార్లు చెప్పింది. ఈ కట్టుబాటు మొగుడికి భలే కలిసొచ్చిందనుకుంటూ దుర్గ చీర ఎగ్గట్టి దిగింది.

మోకాలి లోతు బంక. కుళ్ళిన ఆకుల కంపు. మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన చెట్ల వేళ్ళ మధ్య పీతలు చిటచిటమంటున్నాయి. అతని అడుగుల జాడ పట్టుకుని చాలా దూరం నడిచింది. ఒకచోట పీతల చప్పుడు ఆగిపోయింది. కాలి కింద మట్టి గట్టిపడింది... పేడ కళ్ళాపి వాసన...

ఎదురుగా మునగచెట్టు. మల్లెపొద. కరివేపాకు. ఊడ్చిన వాకిలి, వాకిట్లో ముగ్గు. ఇల్లు మాత్రం లేదు.

చెట్టు కింద పున్నారావు మఠం వేసుకుని కూర్చున్నాడు. ముందు ఖాళీ విస్తరి. వేళ్ళు లేని అన్నం కలుపుతున్నాయి. నోరు నములుతోంది.

"మావా..." దుర్గ దగ్గరికెళ్ళింది. "లే. పోటొస్తది."

"మెల్లగా," అన్నాడు తలెత్తకుండా. "మీ అమ్మ వడ్డిస్తంది."

దుర్గ తల్లి ఉప్పెనలోనే పోయింది. అప్పటికి దుర్గ పసిపిల్ల. ముఖం గుర్తులేదు, ఫొటో కూడా లేదు.

"ఆవిడ మా అమ్మేనని నీకెవరు చెప్పారు?"

"తనే. రోజూ నీ గురించే అడుగుద్ది. పిల్లని తీసుకురమ్మంటది."

ఆ మాటతో అనుమానం తీరలేదు, పెరిగింది. ముఖం తెలియని పిల్లకి తల్లినని ఎవరైనా చెప్పుకోవచ్చు.

జబ్బ పట్టి లాగింది. మారుమాట లేకుండా లేచాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. మొగుడు దక్కాడు, అంతే చాలని ఏడుపొచ్చింది. వెనక్కి చూడకుండా నడిపించింది. మట్టి మళ్ళీ మెత్తబడింది. పాయలో నీరు ఎక్కుతోంది. చీలమండలు... మోకాళ్ళు...

అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు, అన్నానికి పిలిచినట్టు, నిదానంగా పిలిచింది.

"చిట్టెమ్మా..."

ఊళ్ళో ఆ పేరున్న మనిషే లేదు. అది పసితనంలో తల్లి తనని పిలిచిన పేరో కాదో దుర్గకు తెలియదు.

పున్నారావు ఇప్పుడు తెలివొచ్చినట్టు భయంతో ఆమె చెయ్యి ఊరి వైపు లాగుతున్నాడు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి.

"వస్తన్నానమ్మా," అని బదులు పలికింది తన నోరే.