బుట్టలు లాగే చుక్క

మా రేవు నుంచి పడవలో రెండు గంటలు పోతే, నీళ్ళ అడుగున ఓ రాళ్ళ గుట్ట ఉంది. అక్కడ ఉన్నన్ని పీతలు ఇంకెక్కడా ఉండవు. అయినా పీతలు పట్టే బుట్ట అక్కడ ఎవరూ వెయ్యరు. పొద్దు వాలాక ఆ పక్కగా పోవాల్సి వస్తే ఇంజను పెంచేసి, తల తిప్పకుండా పోతారు.

నాలుగేళ్ళ కిందట మా రేవు పొట్టోడు ఒంటరిగా వేటకెళ్ళి అక్కడే పోయాడు. ఆ రాత్రి పెద్ద గాలివాన. తెల్లారినా సముద్రం కుదుటపడలేదు. పోయినవాడి కోసం బతికున్నవాళ్ళని పంపనని రేవు పెద్దగా నేనే మొండికేశాను. నాలుగోనాడు పడవ ఒడ్డుకొచ్చింది... ఖాళీగా.

అసలు భయం నెలాఖరున మొదలైంది.

ప్రతి పడవకీ ఓ ట్రాకర్ పెట్టె ఉంటుంది. పావుగంటకోసారి పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా మత్స్యశాఖ ఆఫీసు తెరమీద చుక్క పడుతుంది. చుక్కలు దూరదూరంగా పడితే ప్రయాణం. దగ్గర దగ్గరగా పడితే బుట్టలు లాగుతున్నట్టు. పీతల వేట ఎన్ని గంటలు సాగిందో అలా లెక్క కడతారు. అప్పట్లో నెలకోసారే చూసేవారు. చూస్తే— గాలివాన వెలిశాక కూడా పొట్టోడి పడవ రెండు రోజులు బుట్టలు లాగింది!

"చచ్చినా వేట మానలేదురా వాడు," అన్నాను. నవ్వుతూ అన్న మాటే. రేవంతా నమ్మేసింది.

మా తమ్ముడు మాత్రం నమ్మలేదు. "దెయ్యం తిన్నా ఎన్ని పీతలు తింటుంది అన్నయ్యా? మిగిలినవి నాకు చాలు," అని పోయిన చలికాలం ఒంటరిగా అక్కడికే పోయాడు.

తర్వాతిది వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

పొద్దున్నే పది బుట్టలు వేశాడు. మధ్యాహ్నం దాటాక లాగాడు. అన్నీ నిండుగా వచ్చాయి. ఇక తిరుగుదామనుకునేలోపు పొగమంచు దిగింది... తన చెయ్యి తనకే కనపడనంత. ఇంజను పెంచాడు.

కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టు పడవ ఆగిపోయింది.

మళ్ళీ తిప్పాడు. ఇంజను మూలిగి ఊరుకుంది. వెనక్కి వంగి చూస్తే, ఎవరో ఎప్పుడో వదిలేసిన బుట్టల తాడు పడవని తోసే కింది ఫ్యానుకి చుట్టుకుని, బిగుసుకుని, నిట్టనిలువునా నీళ్ళలోకి పోతోంది. రెండో కొస రాళ్ళలో ఎక్కడో ఇరుక్కుంది. కత్తితో అందుకోబోయాడు. పడవ ఒక్క కుదుపు కుదిపింది— కత్తి నీళ్ళపాలు.

ఫోనుకి సిగ్నల్ లేదు. అరిస్తే మంచు మింగేసింది.

ఇంతలో పోటు మొదలైంది. నీళ్ళు లేస్తున్నాయి. పడవ ముందు భాగం లేస్తోంది. వెనక భాగాన్ని తాడు లేవనివ్వడం లేదు. అంగుళం... ఇంకో అంగుళం... నీళ్ళు లోపలికి జారుతున్నాయి. ఆ తాడు చుట్టూ పడవ మెల్లగా తిరుగుతోంది. అడుగు చెక్కకి ఏదో తగులుతోంది— టక్... టక్...

"పొట్టోడా... నువ్వేనా?" అని గొణిగాడట. దెయ్యాల్లేవన్న మనిషి!

చీకటి పడింది. ట్రాకర్ పెట్టె పచ్చదీపం ఒక్కటే మినుకుమంటోంది. ఆఫీసులో ఆ చుక్కలు ఇప్పుడు రోజూ చూసేది వాడి కూతురే. 'నా పిల్ల చూస్తుంది' అనుకోగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఇంకో ఆలోచన తగిలింది. ఈ మెల్లటి తిరుగుడు దానికెలా కనపడుతుంది?

నాన్న పని చేసుకుంటున్నట్టు కనపడుతుంది.

అలాగే కనపడింది. పిల్ల దాన్ని వేట గంటల్లో రాసేసి, బ్యాగు భుజాన వేసుకుంది. అప్పుడే వాళ్ళమ్మ ఫోను.

"మీ నాన్న ఇంకా రాలేదేమే?"

"పనిలో ఉన్నాడమ్మా. బుట్టలు లాగుతూనే ఉన్నాడు."

"ఏం లాగుడే అది? పొద్దున పడవలోకి బుట్టలెక్కించింది నేను. పదంటే పది. పది బుట్టలకి ఇంతసేపా?"

పిల్ల బ్యాగు దించింది. చుక్కల్ని పెద్దవి చేసి చూసింది. మేం బుట్టలు వరసలో వేస్తాం, వరసలోనే లాగుతాం. ఈ చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. వెంటనే నాకు ఫోను చేసింది.

"పెదనాన్నా, పడవ తియ్యి! నాన్న ఇరుక్కున్నాడు!"

మేం చేరేసరికి వాడు పడవ ముందు కొసని కరుచుకుని ఉన్నాడు. నడుం దాకా నీళ్ళు. వేళ్ళు ఒక్కొక్కటే ఊడదియ్యాల్సి వచ్చింది.

మర్నాడు ఆఫీసుకి పోయి, "దెయ్యమూ లేదు, భూతమూ లేదు. పాత తాడు," అన్నాను గట్టిగా.

పిల్ల నవ్వలేదు. పొట్టోడి పాత చుక్కలు తెరమీదికి తెచ్చింది.

"దగ్గరికి రా, పెదనాన్నా."

అవీ గుండ్రంగానే ఉన్నాయి.

వాణ్ణి పట్టిన తాడు పొడుగుది కాబోలు, పడవ మునగలేదు. నేను ఎవర్నీ పంపని ఆ రెండు రోజులూ... అదే చోట... తిరుగుతూనే ఉంది. మూడోనాడు తాడు తెగినట్టుంది. చుక్కలు ఒక్కసారిగా విడిపోయి, పోటు వెంట సూటిగా ఒడ్డు వైపు సాగాయి.

"ఇక్కడేమని రాశారమ్మా?" చుక్కలు విడిపోయిన చోట వేలు పెట్టాను.

పిల్ల తెర మీంచి కళ్ళు తిప్పకుండా చదివింది.

"వేట ముగిసింది. ఇంటికి ప్రయాణం."