శిలాశ్రవణి చెవిన పడని చప్పుడు

"తవ్వొద్దు! గని కప్పు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతోంది. తవ్వేవాళ్ల మీద కూడా కూలుతుంది," అంది డాక్టర్ హైమవతి, కంప్యూటర్ తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే.

బొగ్గుగని లోపల, కూలిన బండల ఇవతల నిలబడి ఉన్నారందరూ. అవతల గని కార్మికుడు ఓదెలు చిక్కుకుపోయాడు.

ఆ మాట చెప్పింది హైమవతే అయినా, చెప్పించింది శిలాశ్రవణి. అది ఆమె కనిపెట్టిన యంత్రం. ఈ గనిలో రాయి వట్టి మెత్తన. బరువు మోపితే లోలోపల సన్నగా చిట్లుతుంది. ఆ శబ్దం మన చెవికి అందదు. గోడల్లో దించిన సెన్సార్లు దాన్ని పట్టుకుంటే, ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుంది. గట్టి రాయిని కొలిచే పాత పద్ధతులు ఈ పిండిరాయి దగ్గర ఏనాడో చేతులెత్తేశాయి. అందుకే ఇక్కడ శిలాశ్రవణి చెప్పిందే వేదం.

"మేడమ్, మా ఆయన సప్పుడేమన్న ఇనవడ్తుందా?" అంది స్వరూప. ఓదెలు భార్య. ఆమెదీ ఇదే గనిలో పని.

"లేదమ్మా."

"బతికుంటే రాయిని కొడ్తడు మేడమ్. ఊకుండడు."

"కొడితే ఇది వినకుండా ఉంటుందా? చీమ నడిచినా వింటుంది."

ప్రాణం ఉందని తెలిస్తే చాలు, ఏమైతే అదైందని తవ్వడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. హైమవతి వైపు చూశాడు గని మేనేజర్. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన అందరినీ వెనక్కి పిలిచాడు.

మర్నాడు ఒత్తిడి తగ్గింది. శవాన్నయినా తీద్దామని మళ్లీ దిగారు. స్వరూప ముందు నడుస్తూ, కప్పు గట్టిగా ఉందో లేదో అలవాటు కొద్దీ ఇనుపకడ్డీతో కొట్టి చూసింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఆ గనిలో అలా కొట్టి చూడకుండా ఎవరూ ఏ కప్పు కిందా అడుగు పెట్టరు.

తెర మీద చప్పుళ్లు చూపే గీత కదల్లేదు.

"ఇంకోసారి కొట్టమ్మా," అంది హైమవతి. కొట్టింది. గీత కదల్లేదు. హైమవతికి అప్పుడు గుర్తొచ్చింది.

అవును మరి! యంత్రం పెట్టిన కొత్తలో ఈ కడ్డీల మోతకే అది ఊరికే అలారం కొట్టేది. అలవాటు మానండ్రా బాబూ అంటే ఒక్కరూ మానలేదు. విసిగిపోయి ఆమే ఫిల్టర్ రాసింది: ఇనుము రాయికి తగిలిన ప్రతి చప్పుడునూ చెత్త కింద తీసిపారెయ్యమని.

ఫిల్టర్ తీసేసి, నిన్నటి నుంచి ఉన్న రికార్డింగ్‌ను ముందుకు జరుపుతూ స్పీకర్లో పెట్టింది.

ఠంగ్, ఠంగ్, ఠంగ్. కాసేపు ఆగి మళ్లీ. పొద్దుగూకినా ఆగలేదు. తెల్లవారుజామున నెమ్మదించి, ఆ తర్వాత లేదు. అయ్యో, మనిషి అంతసేపు కొట్టాడే!

"మా ఆయనే! బతికున్నడు! తవ్వుండ్రి, తవ్వుండ్రి!" స్వరూప బండల మీదికి ఉరికి కడ్డీతో జవాబు కొట్టసాగింది.

ఆమె విన్నది రికార్డింగ్‌లోని నిన్నటి చప్పుడు. హైమవతి తెర వైపు చూసింది. ఇప్పుడు ప్రతి దెబ్బా స్పష్టంగా పడుతోంది. అన్నీ స్వరూప కొడుతున్నవే.