బంగారమ్మ మేడ దిగిన రోజు

నేను చారిత్రక ప్రేమ నవలలు రాస్తాను. రాసేదాన్ని అనాలి. మొత్తం తొమ్మిది. అన్నింట్లోనూ ఒకటే సంగతి. ఎప్పుడో విడిపోయిన ఇద్దరు ఏళ్ళ తరవాత మళ్ళీ కలుస్తారు. వాళ్ళ మధ్య ఒక రహస్యం ఉంటుంది, అది బయటపడగానే ఒకటైపోతారు. కొవ్వూరులో నేను తెలుగు చెప్పే జూనియర్ కాలేజీలో అటెండరు లక్ష్మి కూడా చదివి, "చివర్లో ఏడిపించేశారండి" అనేది. ఇప్పుడు ఆ పుస్తకాలు ఎక్కడైనా కంటపడితే మొహం తిప్పుకుంటాను.

కిందటి ఆగస్టులో స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే ఫోన్ వచ్చింది.

"మంజూ, నేను ఫణీంద్రని."

పందొమ్మిదేళ్ళ తరవాత ఆ గొంతు. రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు పెళ్ళి చేసుకుందామనుకున్నాం. వాళ్ళు భీమవరం వైపు రాజులు. ఇంట్లో వద్దన్నారు, అతను మారుమాట్లాడలేదు. నేను ఇంకెవర్నీ చేసుకోలేదు. అతను చేసుకుని విడిపోయాడట. రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడట. నా నవలలన్నీ రెండేసిసార్లు చదివానన్నాడు.

మూడు నెలలు రోజూ మాట్లాడుకున్నాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాలేజీకి మంచి చీరలు కట్టుకోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు వాళ్ళ తాతగారి అన్నగారు మాధవరాజు కథ చెప్పాడు. ఆయనా, బంగారమ్మ అనే ఆవిడా చిన్నప్పటి నుంచీ ప్రేమించుకున్నారట. పెద్దవాళ్ళు ఆవిణ్ణి నరసాపురంలో వేరే ఇంటికి ఇచ్చారు. ఆయన పెళ్ళి మానేశాడు. పదిహేనేళ్ళకి ఆవిడ భర్త పోయాడు. మాధవరాజు పడవ మాట్లాడుకుని వెళ్ళి, ఆవిణ్ణి తన రైస్ మిల్లుకి తెచ్చుకున్నాడు. మిల్లు మేడమీద గదిలో ఇద్దరూ ఉండేవారు.

"ఆవిడ మళ్ళీ మేడ దిగలేదట మంజూ. ఆయనంటే అంత ఇష్టం. ఉత్తరాలు నా దగ్గరే ఉన్నాయి. నువ్వే రాయాలి."

నా పదో నవల దొరికిందనుకున్నాను. నవలకన్నా ఎక్కువే దొరికిందనుకున్నాను.

నవంబరులో తుఫాను ముసురు పట్టిన శనివారం, మధ్యాహ్నం కారులో తీసుకెళ్ళాడు. నిడదవోలు దాటాక కాలవగట్టు మీద ఉంది మిల్లు. మూతపడి ఇరవై ఏళ్ళైనా పులిసిన వడ్ల వాసన పోలేదు. దాని అడుగున ఇంకేదో వాసన. ఎండీ ఎండని చేపల బుట్ట మూత తీసినట్టు.

"రొయ్యల మేత కింది గదుల్లో నిలవ చేస్తాను" అన్నాడు ఫణీంద్ర. సరే అనుకున్నాను.

మేడమీద గది మాత్రం శుభ్రంగా ఉంది. ఒక బల్ల, కరెంటు దీపం, గోడవారగా మనిషి పడుకునేంత పెద్ద భోషాణం. దానిమీద కొత్త దుప్పటి పరిచి నన్ను కూర్చోమన్నాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి, ఆత్రేయపురం పూతరేకులు పెట్టాడు. నా పక్కనే కూర్చున్నాడు. చాలా ఏళ్ళకి మనసు తేలికైంది.

పూతరేకు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. నా వేళ్ళు చూసుకున్నాను. తడిగా, జిగటగా ఉన్నాయి. భోషాణం అంచు పట్టుకుని కూర్చున్నాను కదా, చెక్క చెమర్చింది. వానకి కాబోలనుకుని చేయి తుడుచుకున్నాను.

ఉత్తరాలు ఎనభై ఏళ్ళ కిందటివి, తేదీల ప్రకారం పేర్చి ఉన్నాయి. మొదటివి బాగున్నాయి. మాధవరాజు రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. తరవాత వేరే రాతలో ఒక్క కాగితం.

"మీరు రావద్దు. పదిహేనేండ్ల కిందట మా నాన్నతో వద్దని చెప్పినది నేనే. ఎవరి బలవంతమును లేదు. మీరనిన నాకు భయము. బంగారమ్మ."

రెండుసార్లు చదివాను. "ఫణీ, ఇదేంటి? ఆవిడకి ఇష్టం లేదు కదా?"

"చదువు, ముందుకి చదువు" అన్నాడు.

తరవాతది ఆయన రాసిందే. బంగారమ్మ జ్వరంతో పోయిందని నరసాపురంలో చెప్పారట. ఆయన నమ్మలేదట. కాటికి తీసుకుపోతుంటే దారిలో ఆపి తెచ్చుకున్నాడట. "పడవలో వచ్చినంతసేపును నీ తల నా ఒడిలోనే యున్నది" అని రాశాడు.

ఆ తరవాత రోజుకొక ఉత్తరం. ఒకే గదిలో ఉన్న మనిషికి ఉత్తరాలు.

"ఈ దినమున కూడ నీవు పలుకలేదు."

"నీ చేతికి గాజులు నిలుచుట లేదు."

"వాన పట్టినది. ఉప్పు చెమ్మగిలుచున్నది. రేపు మరల మార్చవలెను."

లేచి నిలబడ్డాను. దుప్పటి లాగి చూశాను. భోషాణం మూత సందుల్లోంచి ఉప్పు తెల్లగా ఊరి, ఆరి, పొరలుగా అట్టకట్టి ఉంది. నేను కూర్చున్నది దానిమీద. తిన్నది ఆ చేత్తో. కిటికీ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

ఫణీంద్ర వీపు నిమరబోయాడు. చేయి తోసేశాను.

"నీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు. ఆ ఉప్పు సంగతి పుస్తకంలో వదిలెయ్. మిగతాది ఎంత బాగుందో చూడు. ప్రేమకి చావు లేదని నువ్వే కదా రాశావు."

"ఆవిడ వద్దంది ఫణీ."

"నువ్వు రాస్తే అంటుందా?" అని నవ్వాడు. తప్పు చేస్తున్నవాడి నవ్వు కాదది. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. "ఆవిడ ఇక్కడే ఉంటుంది. నేను చూస్తూనే ఉంటాను. అలవాటైపోయింది. మనమూ ఇక్కడే ఉందాం మంజూ."

ఇంకేదో అనబోతున్నాడు. కరెంటు పోయింది.

అయిదున్నరకే గది చీకటైపోయింది. వాన చప్పుడు. కింద ఎక్కడో రేకు కొట్టుకుంటోంది. ఆ వాసన... ఇప్పుడు నా మొహం ముందే ఉంది. బ్యాగు అందుకుని భుజాన వేసుకుని, ఫోన్ కోసం దానిలో తడిమాను.

నా చేయి పట్టుకున్నారు.

"వదులు ఫణీ" అన్నాను.

"ఏంటి?" అన్నాడతను.

మెట్ల దగ్గర్నుంచి. గదికి ఆ చివర్నుంచి.

కదల్లేకపోయాను. చిన్న చేయి... ఆడమనిషిది. గరగరలాడుతోంది. వేళ్ళ మధ్య ఇసకలాంటిది నలుగుతోంది. పట్టు గట్టిగా లేదు. తెలియని ఊళ్ళో రోడ్డు దాటించమని అడిగేవాళ్ళు పట్టుకున్నట్టుంది.

చెవి దగ్గర, ఊపిరి లేని మాట.

"నన్నూ తీసుకెళ్ళు."

ఆ చేయి విదిలించుకోకుండానే మెట్లవైపు పరిగెత్తాను. ఫణీంద్ర అడ్డం వచ్చాడు. నన్ను పట్టుకోబోయి ఆగిపోయాడు. చీకట్లో అతని మొహం కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది.

"నువ్వెందుకు... నువ్వు దిగకూడదు..."

ఆ మాట నాతో కాదు.

మెట్లన్నీ దిగేదాకా ఆ చేయి నా చేతిలోనే ఉంది. వానలోకి వచ్చాక చూసుకుంటే నా అరచెయ్యి ఒక్కటే.

గట్టు వెంట నడిచాను. మైలు దూరం పోయాక షేర్ ఆటో ఆగింది. ఎక్కి కూర్చోగానే పక్కనున్న ముసలావిడ కొంగుతో ముక్కు మూసుకుని అటు జరిగింది. ఇద్దరు పట్టేంత చోటు వదిలింది.

ఇంటికొచ్చి మూడుసార్లు తలంటుకున్నాను. ఫణీంద్ర నంబరు బ్లాక్ చేశాను. పదో నవల రాయనని పబ్లిషరుకి చెప్పేశాను. పాత నవలలు తీసి చూస్తే, వాటిలో ఏ ఆడమనిషినీ నేను 'నీకిష్టమేనా' అని అడగలేదు. మగవాడు తిరిగొస్తే చాలనుకున్నాను. తొమ్మిది పుస్తకాల నిండా అదే. మూట కట్టి తూకానికి వేసేశాను.

మా ఇంట్లో రెండో గది ఖాళీగా ఉండేది. ఇప్పుడు దానిలోకి వెళ్ళను. లోపల ఎవరో ఉన్నట్టుంటుంది, చప్పుడేమీ ఉండదు. వానొచ్చే ముందు ఆ వాసన లీలగా వస్తుంది. అసహ్యం వేస్తుంది, కాదనను. కానీ బయటికి పొమ్మనడానికి నోరు రాలేదు. ఎనభై ఏళ్ళ తరవాత మేడ దిగిన మనిషి.

ఇరవై రోజులకి, మధ్యాహ్నం పూట, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఫణీంద్ర. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఆవిడ నీ దగ్గరుందా?"

నా కళ్ళు ఆ రెండో గది తలుపు మీదికి పోయాయి.

"పెట్టె ఖాళీగా ఉంది మంజూ. ఉప్పు తప్ప ఏం లేదు. ఆవిడ వెళ్ళిన కాడ్నించీ మేడమీద ఎవరో నడుస్తున్నారు. ఆడ అడుగులు కావు. మా మాధవరాజు తాతే. రోజంతా తిరుగుతున్నాడు. ఎక్కడుంది, ఎక్కడుందని నన్నే అడుగుతున్నాడు. నాకు నిద్ర లేదు. ఎన్నాళ్ళని భరిస్తాను..."

"ఏం చేశావు ఫణీ?"

అతని గుసగుస ఇంకా తగ్గింది.

"నీ అడ్రసు చెప్పాను" అన్నాడు. "పొద్దున్నించీ పైన చప్పుడు లేదు."